చిగుళ్ల రంగు బుష్‌లు

మా మామయ్య పళ్లు కడతాడు. డాక్టరు కాదు. డాక్టరు రోగి నోట్లో అచ్చు తీసి పంపిస్తే, ఆ అచ్చుకు సరిపోయే పలువరస తయారుచేసి తిరిగి పంపే మనిషి. మా చుట్టుపక్కల ముసలివాళ్లలో సగం మంది నవ్వేది మామయ్య చేతి నవ్వే. పేరు మాత్రం డాక్టరుది. పని ఒకడిది, బోర్డు ఇంకొకడిది అన్న లోకరీతి నాకు పుస్తకాలు చదివి తెలియలేదు, ఆయన ల్యాబులో ఓ మూల కూర్చుని తెలిసింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయనకు మండదు. "బోర్డు పెట్టుకుంటే దాని దుమ్ము ఎవడు దులుపుతాడ్రా?" అంటాడు.

వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన పళ్ల మామ. పొట్టిగా, గుండ్రంగా ఉంటాడు. వేళ్లు మాత్రం సన్నగా, పొడుగ్గా, ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంటాయి. వాటికి ఎప్పుడూ తెల్లటి ప్లాస్టరు పొడి అంటుకునే ఉంటుంది. భోజనానికి కూర్చుంటే ముందు చేతులు చూపించాలి, లేకపోతే అత్తయ్య వడ్డించదు.

ఆయనకో సిద్ధాంతం ఉంది. అంగట్లో దొరికేది ఏదీ ఎవరికీ సరిగ్గా పట్టదు, ఎవరిది వాళ్లు కొలిచి చేసుకోవాలి. ఇంటి తలుపులకు గడియలు ఆయనే చేశాడు. కళ్లజోడు కొక్కేలు ఆయనే వంచుకున్నాడు. అలా అలా కారు దాకా వచ్చాడు.

"కొనుక్కోవచ్చుగా?" అని అడగని మనిషి లేడు. అడిగినవాళ్లలో చాలామంది జీవితంలో సొంతానికి కొన్నది చెప్పుల జత ఒక్కటే, అది వేరే సంగతి. మామయ్య అందరికీ ఒకటే జవాబు చెప్పేవాడు. "కొన్న పళ్లు ఎవరి నోట్లో పడతాయండీ?"

ఇంటి పక్కనే రేకుల షెడ్డు. కొన్నేళ్లుగా కారు అందులోనే పెరిగింది. ఇంజను ఒక పాత వ్యానుది. వెనక ఇరుసు ఇంకేదో బండిది. ముందు చక్రాలను పట్టుకునే ఆర్ములు కాలవలో పడి దొరికిన కారువి. మధ్యలో చట్రం, పైన రేకు మామయ్య సొంతం. ఎదురింట్లో లేతు మిషను పెట్టుకున్న బాబాయ్ దానికి అతుకులబొంత అని పేరు పెట్టాడు. అది అట్టే నిలిచిపోయింది. పోస్టుమ్యాను కూడా అతుకులబొంత ఇల్లంటే గుర్తుపట్టేవాడు.

అత్తయ్యకు ఆ షెడ్డు మీద ఎప్పట్నుంచో కన్ను. ఆవిడ ఆర్డర్ల మీద కేకులు చేస్తుంది. మొదట్లో పుట్టినరోజుకు ఒకటీ అరా. ఇప్పుడు వంటింట్లో ఓవెనుకే చోటు చాలక, క్రీము గిన్నెలు బట్టల బీరువా మీదికెక్కాయి. మేడ మీద నా గదిలో మంచం కిందకి పిండి డబ్బాలు వచ్చాయి. నేను కొరియర్ ఆఫీసులో చిరునామాలు సరిచూసి సాయంత్రం ఇంటికొచ్చేసరికి నా పుస్తకాల మీద వెనిల్లా వాసన. ఎంత గంభీరమైన పుస్తకమైనా ఆ వాసన ముందు నిలబడదు.

అసలు గొడవ తనిఖీ రోజున మొదలైంది. ఇంట్లో కట్టుకున్న బండి రోడ్డెక్కాలంటే రవాణా ఆఫీసు ఇన్‌స్పెక్టరు చూసి సరేననాలి. అతుకులబొంతను అంతదూరం మరో బండికి కట్టి లాక్కెళ్లాం. ఇన్‌స్పెక్టరు గారు లైట్లు చూశారు, బ్రేకులు చూశారు, తల ఊపారు. తర్వాత ముందు చక్రం పక్కన ఇనప కడ్డీ దూర్చి పైకెత్తి చూశారు. చక్రం ఇటు ఒకసారి, అటు ఒకసారి ఊగింది.

"ఏమిటండీ ఇది? ఊడిపోయే పన్నులా ఊగుతోంది!"

మామయ్య వృత్తి ఏమిటో ఆయనకు తెలియదు పాపం. మామయ్య ముఖం మాత్రం చెంపదెబ్బ తిన్నట్టయింది. ముప్ఫై ఏళ్లుగా ఆయన కట్టిన పన్ను ఏదీ ఊగలేదు మరి.

"మళ్లీ ఒకసారి తీసుకురండి. అప్పుడూ ఇలాగే ఉంటే ఇక ఈ బండికి అనుమతి ఉండదు. ఫైలు మూసేస్తాను" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు, తర్వాతి బండి వైపు తిరుగుతూ.

లోపం పెద్దదేం కాదు. చక్రాన్ని పట్టుకునే ఆర్మును చట్రానికి బోల్టుతో బిగిస్తారు. ఇనుముకు ఇనుము తగలకుండా ఆ బోల్టు చుట్టూ రబ్బరు తొడుగు ఒకటి ఉంటుంది. దాన్ని బుష్ అంటారు. రోడ్డు దెబ్బలన్నీ ముందు తినేది అదే. అందరికంటే ఎక్కువ దెబ్బలు తిని, ఎవరి కంటా పడకుండా చచ్చే జాతి. అతుకులబొంత బుష్‌లు కాలవ నీళ్లలోనే చచ్చిపోయి, పగిలి, పొడి అయిపోయాయి.

కొత్తవి కొందామని విడిభాగాల కొట్టుకు వెళ్లాం.

"ఏ బండికండీ?" అన్నాడు కొట్టతను.

"మా బండికి."

"అదేనండీ, ఏ బండి?"

"చెప్పాగా, మా బండి."

కొట్టతను నా వైపు చూశాడు. ఈయన్ని ఇలాగే బయట తిప్పుతున్నారా అన్నట్టుంది ఆ చూపు. ఆర్ము ఒక కంపెనీది, దాన్ని పట్టే బిగింపు మామయ్య సొంత కొలత. రెంటికీ కలిపి పట్టే బుష్ ఈ భూమ్మీద పుట్టలేదు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఉంది. పాత ఇనుము కొనే అతను తక్కెడతో సహా అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగుతున్నాడు.

"ఊరికే అడుగుదామని పిలిచానండీ" అంది అత్తయ్య.

"తక్కెడ కూడా ఊరికేనా?"

"అది ఆయన ఎక్కడికెళ్లినా పట్టుకెళ్తాడు. సరే, నా మాట ఒకటి వినండి. ఈసారి పాసయిందా, బండి రోడ్డు మీద ఉంటుంది. పాసవలేదా, ఈయన కొట్లో ఉంటుంది. ఎటు తిరిగీ షెడ్డులో ఉండదు. అవునా కాదా?"

మామయ్య ఆలోచించాడు. అందులో తప్పేమీ కనపడలేదు. తప్పు లేకపోవడమే ఆయన్ని భయపెట్టింది.

"పాసవుతుంది" అన్నాడు.

"దేంతో? గాలితోనా?"

"బుష్‌లు నేనే పోసుకుంటాను. పళ్లు పోసినవాడికి బుష్ ఒక లెక్కా?"

ఆ ధీమా ఉత్తది కాదు. పాత పుస్తకాల కుప్పలో నాకు దొరికిన ఒక మెకానిక్కుల పుస్తకంలో పందెం కార్లకు పాలీయురేథేన్ అనే దానితో బుష్‌లు పోస్తారని ఉంది. రెండు ద్రవాలు కలిపి అచ్చులో పోస్తే గట్టిపడి రబ్బరుకూ ప్లాస్టిక్కుకూ మధ్యస్థంగా తయారవుతుంది. నేను చదివి వినిపిస్తుంటే మామయ్య కళ్లు మెరిశాయి. రెండు కలపడం, అచ్చులో పోయడం, గట్టిపడేదాకా ఆగడం. ఆయన బతుకంతా అదే.

రసాయనాల కొట్లో రెండు డబ్బాలు దొరికాయి. ఇలాంటివి ఎప్పుడో కానీ రావనీ, మళ్లీ ఎప్పుడొస్తాయో తన చేతుల్లో లేదనీ కొట్టాయన చెప్పాడు. రెండు జతలకు సరిపడా సరుకు. డబ్బా మీది రాత నేను ఇంటికొచ్చే దారిలోనే చదివాను.

"మామయ్యా, తేమ అస్సలు తగలకూడదట. తగిలితే పాడవుతుందట. పెద్ద అక్షరాలతో వేశారు."

"తగలనివ్వం."

నిజంగానే తగలనివ్వలేదు. అలాంటి జాగ్రత్త నేనెక్కడా చూడలేదు. ముందు చిగుళ్లకు వాడే గులాబీ రంగు మైనంతో బుష్ నమూనా చెక్కాడు. దాని చుట్టూ ప్లాస్టరు పోసి అచ్చులు చేశాడు. లేతు బాబాయ్ మధ్యలో ఉండాల్సిన ఇనప గొట్టాలు లేతు మీద కోసి ఇచ్చాడు. పోసే రోజున ల్యాబు కిటికీలు మూయించాడు. తడి గుడ్డలన్నీ బయటికి విసిరాడు. వంటింట్లో నీళ్లు మరగబెట్టొద్దని అత్తయ్యకు కబురు పంపాడు. కప్పులు ఎండబెట్టి, తుడిచి, మళ్లీ తుడిచాడు. చివరికి నా వైపు తిరిగి, "నువ్వు తుమ్మకు" అన్నాడు.

"నాకు జలుబు లేదు."

"వస్తే?"

లేతు బాబాయ్ గుమ్మంలో నిలబడి నవ్వాడు. "ఏం బావా, మమ్మల్ని ఊపిరి పీల్చుకోనిస్తావా, అది కూడా తేమేనా?"

"కావాలంటే పీల్చుకో, వదలకు."

మాటలు మాటల్లోనే ఉన్నాయి. మామయ్య ఒక చేత్తో కప్పులో ద్రవాలు కలుపుతూ, రెండో చేత్తో అచ్చులు ఒక్కొక్కటే తీసుకుని బల్ల కింది బకెట్లో ముంచి, దులిపి, వరసగా పెట్టాడు. కలిపిన ఆ మందు వాటిలో పోశాడు. ప్లాస్టరు కదిపే చిన్న వణుకుడు బల్ల మీద పెట్టి బుడగలన్నీ పైకి తెప్పించాడు. చూడ్డానికి తేనె పోసినట్టు అందంగా ఉంది. అందరం చప్పట్లు కొట్టాం.

కాసేపటికి తేనె పైకి లేచింది.

ముందు అచ్చుల అంచు దాకా వచ్చింది. తర్వాత అంచు దాటింది. తర్వాత గుండ్రంగా టోపీ కట్టుకుని, సన్నగా బుసబుసలాడుతూ, ఒక్కొక్క అచ్చు మీదా ఒక్కొక్క పుట్టగొడుగు మొలిచింది. వేలితో నొక్కితే గుల్ల. నురగ, ఉత్త నురగ. ఆ బుస విని వంటింట్లోంచి అత్తయ్య వచ్చింది. కాసేపు చూసింది.

"నా కేకులు కూడా ఇంత బాగా పొంగవు. ఏం కలిపారండీ?"

ఎవరం నవ్వలేదు. మామయ్య అచ్చులకేసి చూశాడు. తన చేతులకేసి చూశాడు. తర్వాత మెల్లగా వంగి బల్ల కింది బకెట్ చూశాడు. దాంట్లో నీళ్లు ఇంకా ఊగుతున్నాయి.

ఎండు ప్లాస్టరు మీద ఏం పోసినా పీల్చేసుకుంటుంది. అందుకని పోసే ముందు అచ్చును నీళ్లలో ముంచడం పళ్లు కట్టేవాళ్లకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆలోచించనక్కర్లేదు. కళ్లు రెప్ప వేసినట్టు చేతులు ముంచుతాయి. బయటి తేమంతా తరిమికొట్టిన మనిషి చేతులే లోపల నీళ్లు పోశాయి. ఆ గదిలో ఏళ్ల తరబడి ప్రతి అచ్చూ బకెట్లోకి వెళ్లిరావడం చూశాం కాబట్టి మాకూ అది వింతగా తోచలేదు. బకెట్ అక్కడ గోడలాంటిది. గోడను ఎవడు గమనిస్తాడు?

"కిటికీలు మూయించావు. నా నోరు మూయించావు" అన్నాడు లేతు బాబాయ్. "బకెట్ మీద మూత వెయ్యడం మర్చిపోయావు బావా."

మామయ్య మిగిలిన మందు డబ్బాలకు మూతలు బిగించి లేచి వెళ్లిపోయాడు. అది చూసి నాకు భయమేసింది. పన్ను పీకినా మాటకు మాట అనే మనిషి ఆయన. తర్వాత రెండ్రోజులూ షెడ్డు వైపు వెళ్లలేదు. పళ్లు కట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ పళ్లు కూడా ఎవరికో గానీ, కొంచెం కోపంగా కనిపించాయి. సరుకు ఒక్క జతకే మిగిలింది. తనిఖీ తేదీ గోడ మీద క్యాలెండర్లో గుండ్రటి గీత లోపల కూర్చుని ఉంది. పైగా ముసురు పట్టింది. మళ్లీ ప్లాస్టరు అచ్చులు చేసి ఎండలో పెడదామంటే ఎండే లేదు. పాత ఇనుము అతను రోజూ మా వీధిలోంచే వెళ్లడం మొదలెట్టాడు. ఇంతకుముందు కూడా వెళ్లేవాడేమో, ఇప్పుడే కనపడుతున్నాడో నాకు తెలియదు.

మూడో రోజు భోజనాల దగ్గర మామయ్య చేతులు చూపించి, కడిగినవేనని ఒప్పించి, గొంతు సవరించుకున్నాడు.

"నీ ఓవెను ఒక పూట కావాలోయ్."

అత్తయ్య గరిటె ఆగింది. "దేనికి?"

"అచ్చులు ఎండబెట్టాలి."

"నా కేకుల ఓవెనులో మీ కారు వండుతారా?"

"మందు పొయ్యను. ఉత్త ప్లాస్టరే. సుద్ద లాంటిది. ఎండించి తీసేస్తాను."

"ఎండిందని ఎలా తెలుస్తుంది మీకు?"

"ముట్టుకుంటే తెలుస్తుంది."

"ముట్టుకునేది ఈ చేతులతోనేగా? ఆ నీళ్లలో ముంచిన చేతులతో?"

మామయ్య కంచంలోకి చూశాడు. అత్తయ్య మజ్జిగ పోసింది. అడక్కుండానే రెండోసారి కూడా పోసింది. అప్పుడే నాకు కాస్త ఆశ కలిగింది.

"మందు పోసినవి మాత్రం నా ఓవెను గడప తొక్కకూడదు" అంది చివరికి. "ఉత్త అచ్చులైతే నేనే ఎండబెడతాను. మీరు వంటింట్లోకి రావద్దు. నా ఓవెను వల్ల బండి చెడిందని రేపు మీరు వీధిలో చెప్పుకోకూడదు. అంతే."

"నీకు షెడ్డు కావాలన్నావుగా?" అన్నాడు మామయ్య. వెంటనే నాలిక కరుచుకున్నాడు.

"అది ఎలాగూ వస్తుంది. ఎటు తిరిగీ వస్తుందని చెప్పాగా!"

ఆవిడ పద్ధతి వేరు. రస్కులు చేసేటప్పుడు ఆవిడ వాటిని కరకరలాడేలా ఎండించి, తీసి తూచి, మళ్లీ పెట్టి, మళ్లీ తూస్తుంది. బరువు తగ్గుతున్నంతసేపూ లోపల నీళ్లున్నట్టే. తగ్గడం ఆగిపోతే అప్పుడు ఎండినట్టు. అచ్చులకూ అదే చేసింది. వంటింటి త్రాసు మీద ఒక్కొక్క అచ్చునూ పెట్టి, "ఇంకా తాగి ఉంది వెధవది" అని తిట్టి మళ్లీ లోపలికి తోసింది. ఆ రోజు కేకుల ఆర్డరు ఒకటి వెనక్కి పోయింది. దాని గురించి ఆవిడ ఎవరితోనూ అనలేదు.

మామయ్య గుమ్మం బయట నిలబడి, "ఏమోయ్, అయిందా?" అనేవాడు.

"తొందరపడితే పచ్చిగా ఉంటాయి."

"రంగు మారుతున్నాయా?"

"మీ ముఖమే మారుతోంది. అటెళ్లండి."

చివరికి త్రాసు ముల్లు కదలడం మానేసింది. అత్తయ్య అచ్చుల్ని వేడివేడిగా డబ్బాలో పెట్టి మూత బిగించి ల్యాబుకు తెచ్చింది. మామయ్య బల్ల దగ్గర సిద్ధంగా ఉన్నాడు. ఆవిడ ముందు ఆయన్ని చూడలేదు, బల్ల కింద చూసింది. బకెట్ లాగి, నీళ్లు వీధిలో పారబోసి, బోర్లించి, దాని మీద కూర్చుంది.

"ఊఁ, ఇప్పుడు పొయ్యండి."

అచ్చులు చల్లారాక, ఎండు ప్లాస్టరు మందు పీల్చకుండా లోపల పల్చగా మైనం రుద్దాడు మామయ్య. ద్రవాలు కలిపాడు. అంతలో అచ్చు పట్టుకున్న ఎడమ చెయ్యి తనంతట తానే బల్ల కిందికి వెళ్లింది. అక్కడ అత్తయ్య మోకాలు తగిలింది.

"ఎక్కడికి?" అంది అత్తయ్య.

"ఎక్కడికీ లేదు" అన్నాడు మామయ్య. చెయ్యి వెనక్కి వచ్చింది.

నేను లెక్కపెట్టలేదు గానీ ఆ చెయ్యి మోకాలి దాకా వెళ్లని అచ్చు లేదనుకుంటాను. వెళ్లిన ప్రతిసారీ అత్తయ్య గొంతులోంచి ఒక "ఊఁ" వచ్చేది. అలా ఆ మొగుడూ పెళ్లాలు కలిసి బుష్‌లు పోశారు. పెళ్లయిన ఇన్నేళ్లలో వాళ్లు కలిసి చేసిన మొదటి పని అదేనేమో. చిన్న తేడా ఏమిటంటే ఈసారి మందులో మామయ్య చిటికెడు గులాబీ పొడి వేశాడు. చిగుళ్ల రంగుకు వాడేది. బుడగ ఉంటే రంగులో తెలుస్తుందన్నాడు. అసలు కారణం అది కాదని నా అనుమానం. ఆయన చేతి వస్తువు ఆయన రంగులో లేకపోతే ఆయనకు నిద్ర పట్టదు.

ఈసారి ఏదీ పొంగలేదు. గట్టిపడ్డాక అచ్చులు పగలగొడితే నిగనిగలాడుతూ గులాబీ రంగు బుష్‌లు బయటపడ్డాయి. కోసి చూద్దామంటే అదనంగా లేవు. గోరు గుచ్చితే దిగలేదు. నేలకేసి కొడితే తిరిగి చేతికొచ్చింది. లేతు బాబాయ్ ఒకదాన్ని వెలుతురులో పెట్టి తిప్పితిప్పి చూశాడు.

"ఇవి బండికేనా బావా? ఏ ఏనుగైనా ఆర్డరిచ్చిందా?"

ఇన్ని రోజుల తర్వాత మామయ్య నవ్వాడు. "ఏనుగుకైతే డాక్టరు బోర్డు పెట్టుకుంటాడు. ఇవి నావి."

మరలో పెట్టి నొక్కి, గ్రీజు రాసి, ఆర్ములకు ఎక్కించారు. సరిగ్గా పట్టాయి. లోకంలో ఇంకే బండికీ పట్టనంత సరిగ్గా పట్టాయి.

తనిఖీకి అత్తయ్య రాలేదు. కేకు ఆర్డరుందని చెప్పింది. ఆవరణలో బండ్ల వరస చాలా పొడుగ్గా ఉంది. మా ముందు నిలబడ్డ కొత్త బండ్లను ఇన్‌స్పెక్టరు గారు కళ్లు కూడా పూర్తిగా తెరవకుండా పంపించేస్తున్నారు. మా బండి దగ్గరకొచ్చేసరికి ఆయన కళ్లు తెరిచారు. కొత్త బట్టలేసుకున్నవాణ్ణి వదిలేసి అతుకుల చొక్కావాడి జేబులు తడమడం నేనెక్కడ చూడలేదు గనక? ఆ మాట పైకే అనబోయాను. మామయ్య కాలు తొక్కాడు.

"మళ్లీ ఇదేనా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"ఇదేనండి."

ఆయన గొంతుక్కూర్చుని ఇనప కడ్డీ దూర్చారు. ఎత్తారు. మామయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆ పొడుగాటి వేళ్లు ఒకదాన్నొకటి నలుపుకోవడం వెనక నిలబడ్డ నాకు కనపడుతోంది. చక్రం కదల్లేదు. ఆయన కడ్డీ మార్చి ఇటునుంచి ఎత్తారు. కదల్లేదు. కడ్డీ మీద బరువంతా వేశారు. కిర్రుమంది. తీరా చూస్తే కిర్రుమన్నది ఆయన బెల్టు.

టార్చి వేసి లోపలికి తొంగిచూశారు. చాలాసేపు చూశారు.

"ఏమిటిది? గులాబీ రంగులో ఉంది?"

"చిగుళ్లండీ" అన్నాడు మామయ్య అలవాటులో.

"ఏమిటీ?"

"బుష్‌లండి. బుష్‌లే. రంగు ఒక్కటే ఆ రంగు."

"ఏ కంపెనీవి?"

"మా ఇంట్లోవండి. మా ఆవిడా నేనూ చేశాం."

ఇన్‌స్పెక్టరు గారు మామయ్యను కిందనుంచి పైదాకా చూశారు. వేళ్ల మీది తెల్ల పొడి చూశారు. "మీరేం చేస్తుంటారు?"

"పళ్లు కడతానండి."

ఆయన ముఖంలో ఏదో వెలిగింది. బహుశా పోయినసారి తానన్న మాట గుర్తొచ్చి ఉంటుంది. బండెక్కి ఆవరణలో ఒక చుట్టు తిప్పారు, రెండోసారి తిప్పారు, గట్టిగా బ్రేకు వేశారు. దిగారు. సంతకం పెట్టడానికి పెన్ను మా దగ్గరే అడిగి తీసుకున్నారు. పెట్టాక పెన్ను జేబులో పెట్టుకోబోయి, నా చూపు చూసి తిరిగిచ్చారు.

వెళ్లబోతుంటే గొంతు తగ్గించి, "మా నాన్నగారికి కింది పలువరస కాస్త వదులుగా ఉంటోందండీ" అన్నారు.

"పంపించండి. చూద్దాం" అన్నాడు మామయ్య, ఇన్‌స్పెక్టరు గొంతుతో.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య మూడంతస్తుల కేకు ముందు పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. ఎవరిదో పెళ్లిరోజు కేకు. మామూలుగా తీసుకెళ్లే ఆటో అతను రాలేదట. అతను నిజంగా రాలేదో, ఆవిడ రావద్దని చెప్పిందో నేను అడగలేదు.

"పాసయింది" అన్నాడు మామయ్య.

"ఆయన చూసింది కాగితం కోసం" అంది అత్తయ్య లేస్తూ. "నేను చూసేది కేకు కోసం. తలుపు తియ్యండి."

ఈ బండి పుట్టిన దగ్గర్నుంచీ ఆవిడ అందులో కూర్చోలేదు. ముందు సీట్లో కూర్చుని, చీర సర్దుకుని, కేకు ఒళ్లో పెట్టుకుంది. వెనక సీటింకా తయారవలేదు. నేను చెక్క పలక మీద కూర్చున్నాను. మామయ్య బండిని పసిపిల్ల ఉయ్యాల కదిపినట్టు కదిపాడు. మాకంటే వెనక బయల్దేరిన సైకిలు మమ్మల్ని దాటింది. తర్వాత ఒక ముసలాయన నడుస్తూ దాటాడు. దాటుతూ పలకరించాడు కూడా. ఆయన నోట్లోవి మామయ్య పళ్లే.

"ఇలా అయితే క్రీము కరిగిపోతుంది" అంది అత్తయ్య. "ఏమిటా చెవి ఒగ్గడం? ఏం వింటున్నారు?"

"చప్పుడు."

"ఏ చప్పుడూ లేదుగా!"

"లేదు. అదే వింటున్నా."

రోడ్డు మా పేటలో రోడ్డులాగే ఉంది. అంటే గుంటల మధ్య అక్కడక్కడా ఉంది. మామయ్య ఒక్కొక్క గుంటనూ ముందే చూసి, పక్కకు తప్పించి, తప్పించలేనిచోట దాదాపు ఆపి, మెల్లగా దింపి ఎక్కించి, చెమటలు కక్కుతూ కేకును చేర్చాడు. ఆ ఇంటివాళ్లు మూత తీసి చూశారు. పై అంతస్తు మీది చక్కెర పువ్వు ఒక్క రేకు కూడా రాలలేదు. అత్తయ్య నాలుగు పక్కలనుంచీ వంగి చూసుకుంది. ఆవిడ ఏదో అంటుందని మామయ్య ఎదురుచూశాడు. ఆవిడ వచ్చి బండెక్కింది. ఖాళీ ఒడిలో చేతులు పెట్టుకుంది.

"షెడ్డులో ఓవెను కుడివైపు గోడకు పెట్టుకుంటాను" అంది తర్వాత.

"ఊఁ."

"బండి ముక్కు మాత్రం ఎడమవైపు పెట్టుకోండి. వానకు తడవకుండా."

మామయ్య తల తిప్పి చూశాడు.

"నన్నేం చూస్తారు, రోడ్డు చూడండి. ఇప్పుడు ఒళ్లో కేకు లేదు కదా?"

"లేదు."

"అయితే గుంటలు తప్పించకండి. ఆ బుష్‌లు ఎంతవరకు తట్టుకుంటాయో చూద్దాం."

మామయ్య సన్నటి వేళ్లు స్టీరింగు మీద బిగిశాయి. వచ్చేటప్పుడు దేవుడిలా తప్పించిన ప్రతి గుంటనూ వెళ్లేటప్పుడు వెతుక్కుని మరీ బండిని అందులోకి దింపాడు. మొదటి గుంటకు అత్తయ్య "అమ్మో" అంది. రెండోదానికి నవ్వింది. మూడోది వీధి మలుపులో ఉంది, అందులోకి బండి మనిషి దూకినట్టు దూకింది. కింద గులాబీ చిగుళ్లు కిక్కురుమనలేదు.

"అదిగో, అటు ఇంకోటుంది!" అంది అత్తయ్య వేలెత్తి చూపిస్తూ. "పెద్దది!"

నా తల పైరేకుకు ఠంగుమని కొట్టుకుంది. ముందు సీట్లోవాళ్లు ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.